ఇద్దరికీ ఒకే చోట

సుందరం,

మనిద్దరం కలిసి రాయాల్సిన ఎం.బి.ఏ. ప్రవేశ పరీక్ష నిన్న విశాఖపట్నంలో నేనొక్కణ్ణే రాశాను. నువ్వు పచ్చకామెర్లతో పోయి నాలుగు నెలలైంది. ఆ తర్వాత నేను పుస్తకం ముట్టుకోలేదు. కిందటి నెల మీ నాన్నగారు మా ఇంటికి వచ్చి, మనం చదువుకున్న సైక్లోస్టైలు కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు. "నువ్వైనా రాయాలి బాబూ" అన్నారు. ఆ మాట కాదనలేక వెళ్లాను.

లెక్కలు ఎలాగో చేశాను. ఇంగ్లీషు పేరా మాత్రం మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. మీ అరుగు మీదైతే నువ్వు తెలుగులో రెండు మాటల్లో విప్పి చెప్పేవాడివి. దాని కింది ప్రశ్నలన్నీ వదిలేశాను.

ఈ ఉదయం నర్సాపురంలో రైలు దిగి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి వాన పడుతోంది. మీ నాన్నగారు గొడుగు పట్టుకుని నా కోసం నిలబడి ఉన్నారు.

"ఎలా రాసేవు బాబూ?"

"బాగానే రాసేనండి."

ఒకే గొడుగు కింద రాజోలు బస్సు దగ్గరకి నడిచాం. కాసేపటికి ఆయన నా వైపు చూడకుండా అడిగారు.

"మావాడుంటే మీ ఇద్దరికీ ఒకే చోట సీటొచ్చేదంటావా?"

నీకు వచ్చేది. నేను రాజోల్లోనే ఉండిపోయేవాణ్ణి. అది మనిద్దరికీ తెలుసు, ఎప్పుడూ పైకి అనుకోలేదు.

"ఆయ్, ఒకే చోటండి. ఒకే గది తీసుకుందామనుకున్నాం" అన్నాను.

ఆయన తల ఊపి, గొడుగు ఇంకొంచెం నా వైపు జరిపారు. బస్సు దాకా ఆయన ఎడమ భుజం తడుస్తూనే ఉంది.