ఎడమకు తిరగాల్సిన మెట్లు

అక్కా,

నీకూ బావకూ దండాలు. ఇక్కడ నేనూ నా మోకాలూ ఇద్దరం క్షేమం. అక్కడ మీరంతా నవ్వుతూ ఉన్నారనే అనుకుంటున్నాను.

మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. రోజూ ఇరవైసార్లు మెట్లెక్కి దిగుతుంటే నొప్పే విసిగిపోయి వెళ్ళిపోయింది. "ఏళ్ళ తరబడి కడుతున్నారు, ఇంకా అవలేదా?" అని బావ వెక్కిరించాడట. ఒకసారి వచ్చి చూడమను. ఈ యూనివర్సిటీ పెద్ద హాలుకి నడిమధ్య ఒక్క స్తంభం లేదు. పైకప్పులో రాయిని రాయి పట్టుకుని నిలబడింది. రాతి మేస్త్రీనయ్యుండి నేనే దానికింద నోరు తెరుచుకుని నడుస్తాను. దుమ్మంతా నోట్లోకే.

ఇక అసలు సంగతి. చేతిలో పనేమైనా ఉంటే పక్కన పెట్టి చదువు. పనిలో చేరిననాడు ఇక్కడి ఇంజినీరుగారు "కట్టడానికి గీసిన నక్షా చదవడం వచ్చా?" అంటే "బ్రహ్మాండంగా వచ్చు" అన్నాను. రాదక్కా. పక్కవాళ్ళని చూసి నెట్టుకొచ్చాను. మూణ్ణెల్ల కిందట ఇంజినీరుగారు రాళ్ళు ఎంచడానికి క్వారీకి వెళ్తూ, లైబ్రరీకి ఎక్కే చుట్టుమెట్లు నాకు అప్పగించారు. ముప్పయ్యొక్క మెట్లు, ఒక్క రాయీ కదలకుండా కట్టాను. పరంజా విప్పించి పైకెక్కితే ఎదురుగా లైబ్రరీ గోడ! గుమ్మం అవతలివైపు ఉంది. ఎడమకు తిరగాల్సిన మెట్లని కుడికి తిప్పేశాను.

"నక్షాయే తప్పని చెప్పేద్దాం, మేమంతా నీ వెనకుంటాం" అన్నారు తోటి పనివాళ్ళు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంజినీరుగారు బండి దిగగానే, "అయ్యా, నాకు నక్షా రాదు. అబద్ధమాడాను. నా చేతుల్తోనే విప్పేస్తాను" అనేశాను.

ఆయన మెట్లెక్కారు. దిగారు. మళ్ళీ ఎక్కారు.

"ఏమయ్యా మేస్త్రీ!" పైనుంచి కేక. "నేను గీసినట్టు కడితే ఎక్కేవాడి నీడ మెట్టుమీదే పడేది. ఇప్పుడు కిటికీ వెలుగు సరిగ్గా పాదం ముందు పడుతోంది. ఈ గోడలోనే గుమ్మం తెరుద్దాం. మెట్లు ఉంటాయి!"

కింద అందరూ ఈలలు వేశారు!

"నువ్వు మాత్రం రేపట్నుంచి పొద్దున్నే నా గదికి రా. నక్షా నేర్పుతా. అబద్ధానికి అదే శిక్ష."

అక్కా, ఇంత హాయైన శిక్ష నేనెరగను. నిన్న పై కిటికీ కమానుకి నక్షా నేనే గీసిచ్చాను. ఇంజినీరుగారు ఎర్ర పెన్సిలు పట్టుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి చాలాసేపు వెతికారు. చివరికి ఏమీ దొరక్క పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

ఇట్లు,
చివాట్లకు సిద్ధంగా ఉన్న
నీ తమ్ముడు