పక్కింటికి చూసే పిడి

సకాయి,
వానలు వెలిసిన మర్నాడు.

చిరంజీవి తమ్ముడు తెప్పేయికి అక్క ఫుకి ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, అమ్మా క్షేమం. అమ్మ మోకాలు మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే క్షేమం. ఆ దీవిలో నువ్వూ, నీ పడవా బాగున్నారని తలుస్తాను. ఫోనులో నువ్వు "ఊఁ" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. ఉత్తరంలో అయితే కాస్త మనిషిలా కబుర్లు చెబుతావు, అందుకే ఈ కాగితాలు ఖర్చు చేస్తున్నాను. నువ్వు పంపిన ఎండు చేపలు అందాయి. అమ్మ వాటిని ఎక్కడ దాచిందో నాక్కూడా చెప్పలేదు.

పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. కొట్లో నీ పని పీట ఇంకా ఉందా, పొయ్యిలో పెట్టేశానా అని ఒకటి. దాని సంగతి చివర్లో చెబుతాను. రెండోది, పిడి దగ్గర సందుందని జనం కత్తులు తిప్పి పంపుతున్నారట, నిజమేనా అని. నిజమే. విదేశాలకు అమ్మే దుకాణం నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. ఒక్కో కత్తికీ ఒక చీటీ. కత్తి వీపు అంచు వేలికి గుచ్చుకుంటోందని ఒకరు, మెడ దగ్గర సందు వదిలేశారని ఒకరు. ఆ సందు మనం తాతల నాటి నుంచీ కావాలనే వదులుతున్నామని వాళ్ళకెవరు చెప్పాలి! అక్కడిదాకా నవ్వుకున్నాను. కానీ "పిడీ, కత్తీ ఒక గీతలో లేవు" అన్న చీటీ చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే అది నిజం, ఆ పిడి నేను బిగించిందే.

ఆ రోజే కిటికీకి ఒక దారం వేలాడదీశాను. బిగించిన ప్రతి కత్తినీ ఆ దారానికి పట్టి, ఒక కన్ను మూసి చూడటం, నచ్చకపోతే ఊడదీయడం. అమ్మ వంటింట్లోంచి, "పిడికి పెళ్ళిచూపులా అవి? చాల్లే, ఇక పంపించు" అని కేకలేసేది.

నేను ఈ పిచ్చిలో ఉండగా కినుయో గారు వచ్చారు. రేవు దగ్గర చిన్న హోటలు, వీధి చివరికి వినిపించే గొంతు, గుర్తున్నారు కదా. హామో చేప కోసే పెద్ద కత్తి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"పొన్ను పగిలిందే అమ్మాయ్. అదొక్కటి మార్చి ఇవ్వు. ఉత్సవం దగ్గరకొచ్చింది, ఊరంతా నా హామో కోసమే కూర్చుంటారు."

చూశాను. పిడి మూతికి తొడిగిన గేదె కొమ్ము పొన్ను నిలువునా చీలింది. సరే. కత్తి వీపు అంచు ఎక్కడా గుండ్రం చెయ్యలేదు. అదీ సరే. కానీ పిడి! వెంట్రుకవాసి కుడికి తిరిగి ఉంది. నాకు ఆ చీటీ గుర్తొచ్చింది.

"ఎవడో మహానుభావుడు బిగించినట్టున్నాడండీ. ఇది పక్కింటికి చూస్తోంది" అన్నాను, వంకర పిడిని చూసి నాన్న అనే మాటే వాడి.

"నా పిడి ఎక్కడికి చూస్తే నీకెందుకే?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

నేను మొత్తం మార్చేశాను. మన ఇంటి పద్ధతి నీకు తెలియంది కాదు. పాత పిడిని ఉలితో చీల్చి పొయ్యిలో వేయడం, ఆ మంటలోనే కత్తి తోకను ఎర్రగా కాల్చి కొత్త పిడిలోకి దించడం. అంతా అలాగే చేశాను. వీపు గుండ్రం చేశాను. దారానికి పట్టి చూస్తే పిడీ, కత్తీ, దారం ఒక్కటే గీత. ఆ సాయంత్రం నాకు నేనే గొప్పగా కనిపించాను.

రెండు రోజులకు ఆవిడ మళ్ళీ వచ్చారు. చేతిలో కత్తి, చంకలో చేపల డబ్బా. మూత తీసి చూపించారు. ఆ పాము చేపలో ఎన్ని సన్నముళ్ళుంటాయో నీకు తెలుసు. ముళ్ళన్నీ తెగాలి, అడుగున తోలు తెగకూడదు. డబ్బాలో చేప ముక్కలు ముక్కలుగా విడిపోయి ఉంది.

"తోలు తెగిపోతోంది. ఏ చేప చూసినా ఇంతే. నా చేతులు పోయాయనుకున్నా. ఈ ఉత్సవంతో హోటలు మూసేద్దామనుకున్నా. పొద్దున్న కత్తిని ఇలా పట్టుకుని చూస్తే..." కత్తి ఎత్తి చూపించారు. "ఇది ముందుకు చూస్తోందేంటే!"

"వంకర సరిచేశానండీ."

"నిన్నెవరు చెయ్యమన్నారు? నా పాత పిడి నాకిచ్చెయ్."

నేను పొయ్యి వైపు చూశాను. ఆవిడ కూడా చూశారు. అక్కడ బూడిద తప్ప ఏముంది? ఆవిడ గడప మీద కూలబడ్డారు.

అక్కడి నుంచే చెప్పారు. "మీ నాన్న అమ్మేటప్పుడే అన్నాడే. 'మా చిన్నాడు బిగించాడు, పక్కింటికి చూస్తుంది, నచ్చకపోతే మార్చి ఇస్తా' అని. ఇంటికెళ్ళి ఒక చేప కోశా, ఆ వంకరే నా చేతికి అతికినట్టు సరిపోయింది. మర్నాడొచ్చి చెప్పా, దాన్ని ముట్టుకున్నావంటే నీ కొట్టు ముందు ధర్నా చేస్తానని."

తెప్పేయీ, ఆ మహానుభావుడివి నువ్వే. నేను చీల్చి కాల్చింది నీ పిడి.

నాన్న ఈ సంగతి మనకెందుకు చెప్పలేదో నాకు తెలియదు. తిట్టడానికి వంద మాటలున్న మనిషికి మెచ్చుకోవడానికి ఒక్కటి దొరికేది కాదు. ఈ పని నీ చేతికి రాదని నువ్వే తేల్చేసుకుని పడవ పనికి ఆ దీవికి వెళ్ళిపోయావు. ఆయనా ఆపలేదు.

అప్పుడు అమ్మ కుంటుకుంటూ వచ్చింది, చేతిలో తన కూరగాయల కత్తి. "ఈ ఇంట్లో వాడు బిగించింది ఇంకొకటుంది. మీకు గుర్తులేకపోతే నాకుంది" అని కినుయో గారి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని, గాల్లో రెండుసార్లు కోసి, "ఇదే" అన్నారు. కత్తి వేరు, బరువు వేరు, ఆవిడ చెయ్యి మాత్రం ఒప్పేసుకుంది. దారానికి పట్టి చూశాను. అదే కుడి, అదే వెంట్రుకవాసి. నీ పిడులన్నీ వంకరేనని అందరం అన్నాం గానీ, అన్నీ ఒక్కలాగే వంకరని ఎవరం చూడలేదు. దారం పట్టుకుని కూర్చున్న నాకే నిక్కచ్చిగా రానిది, నీకు దారం లేకుండానే వచ్చింది.

దాన్ని చూసి కినుయో గారి కత్తికీ అలాగే బిగిద్దామని కూర్చున్నాను. ఎర్రటి తోక పిడిలోకి దిగుతుంది, పొగ లేస్తుంది, ఒక్క ఊపిరిలో నిలపాలి. ఆ ఊపిరిలో నా చెయ్యి దానంతటదే తిన్నగా వెళ్ళిపోతుంది. ఎన్ని పిడులు పాడుచేశానో చెప్పను, నవ్వుతావు. చివరికి రెండు చెక్కముక్కలు అటూ ఇటూ దన్ను పెట్టి, నా చేతిని నమ్మకుండా బిగించాను.

కినుయో గారు మన వంటింట్లోనే చేప పరిచారు. కత్తి ఆనించారు. షరీ, షరీ, షరీ. ముల్లు తెగే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. తోలు ఎక్కడా చిరగలేదు. ముక్కను వేడినీళ్ళలో వేస్తే తెల్లగా పువ్వులా విచ్చుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ కత్తుల మధ్యే ఉన్నాను, కత్తి అంటే ఏమిటో ఆ రోజే చూసినట్టనిపించింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"దగ్గరికొచ్చావే అమ్మాయ్" అన్నారావిడ. "వాడి చెయ్యి కాదు గానీ, వాడి పక్కింటి చెయ్యి." ఉత్సవం బాగా జరిగింది. హోటలు మూసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక అసలు చెప్పాల్సింది చెబుతాను, కోప్పడకు. ఆ కొలతలు తీసే హడావుడిలో అమ్మ కత్తిని గట్టిగా తట్టాను. పిడి పొన్ను దాకా చీలింది. కొత్తది బిగిస్తానని తీసుకోబోతే అమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది. "నువ్వు ముట్టుకోకు. తిన్నగా పెట్టేస్తావు" అంది. ఇప్పుడు దానికి గుడ్డ చుట్టుకుని ముల్లంగి కోస్తోంది. రోజూ వేలు తెగుతోంది, రోజూ నన్నే తిడుతోంది.

నీ పీట అడిగావు కదా. ఉంది, కిటికీ పక్కన, నువ్వు వదిలిన చోటే. దాని ముందు అమ్మ కత్తికని పొన్ను తొడిగిన కొత్త పిడి ఒకటి పెట్టాను. రంధ్రం తొలవలేదు. దారం కూడా తీసేశాను. పడవకు నాలుగు రోజులు సెలవు అడుగు.

ఇట్లు,
అమ్మ కత్తిని ముట్టుకోనని మాటిచ్చిన
నీ అక్క,
ఫుకి.