వెస్లీ ఎడమ చెయ్యి

మార్చి 1, బుధవారం. ఉదయం 7

పేపర్లో నా ఉత్తరం వేశారు. మూడో పేరా కోసేశారు. ఉత్తరం మొత్తంలో బాగున్నది అదొక్కటే.

నేను రాసింది ఇంతే. ఈ జూలైలో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడబోతున్నారు. మీదపడి కూలదొయ్యడం ఉండదు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి నడుముకు వేలాడే ఫ్లాగ్ లాగేస్తే ఆట ఆగుతుంది. ఎవరూ చూడని మైదానాల్లో, ఉద్యోగాలకు సెలవు పెట్టుకుని, ఇన్నేళ్లు ఈ ఆటను బతికించినవాళ్లున్నారు. ఇప్పుడు టీవీ కెమెరాలు వస్తున్నాయనగానే ప్రొఫెషనల్ లీగ్ ఆటగాళ్లు మేమూ వస్తామంటున్నారు. జట్టులో చోటు పదిమందికే. వాళ్లు వస్తే వీళ్లు పోతారు. దుక్కి దున్నినవాడొకడు, కుప్ప నూర్చుకునేవాడొకడు.

కోసేసిన పేరా లామాంట్ పెట్‌వే గురించి. ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేస్తాడు. పదమూడో ఏటి నుంచి నేను కోచ్‌గా ఉన్న జట్టులో ఆడాడు. ఎనిమిదేళ్లుగా నేషనల్ టీమ్‌లో రిసీవర్, అంటే విసిరిన బంతిని పట్టుకుని పరిగెత్తేవాడు. ఇప్పుడు ముప్పై మూడేళ్లు. ఈసారి తప్పితే ఇంకెప్పుడూ లేదు.

ఇవాళ యాష్ వెన్స్‌డే. నుదుట బూడిద పెట్టించుకోవడానికి వెళ్లడం లేదు. మట్టిలో కలిసిపోతానని ఫాదర్ గుర్తు చేయనక్కర్లేదు. మోకాళ్లు రోజూ చెబుతూనే ఉన్నాయి.

మార్చి 3, శుక్రవారం. రాత్రి 8

చర్చి హాల్లో ఫిష్ ఫ్రై విందు. లెంట్ ఉపవాసాల నలభై రోజుల్లో, మాంసం తినని ప్రతి శుక్రవారం టోలీడోలో మా పోలిష్ పేట అంతా అక్కడే తింటుంది. కాబట్టి రోమన్ నడోల్నీ కూడా అక్కడే తింటాడు. హాల్ నడిమధ్య టేబుల్ దగ్గర, అందరికీ కనబడేలా. డెబ్బైల్లో మూడు సీజన్లు ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడాడు. యాభై ఏళ్లుగా ఆ మూడింటినే నంజుకుని బతుకుతున్నాడు.

ఏరా కాజ్, పేపర్లో మావాళ్లను ఉతికేశావట, చేతిరుమాళ్లు లాక్కునే ఆటకు ఇంత రోషమేమిట్రా, అని హాలంతా వినేలా అడిగాడు. మోకాలు ఎలా ఉంది రోమన్ అన్నాను. నవ్వినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

పక్కన మనవడు వెస్లీ. ఇరవై ఏడేళ్లు, లీగ్‌లో రిసీవర్, సీజన్ అయిపోయి ఇంటికొచ్చాడు. బస్సుల మీద ప్రకటనల్లో వేసే ముఖం. లేచి నిలబడ్డాడు. సార్, మీ ఉత్తరం చదివాను, మీరు రాసింది నిజమే, నాకు ఈ ఆట రాదు, జట్టును ఎంచే ట్రయల్స్‌కి ఇంకా నెల ఉంది, నేర్పుతారా, అని అడిగాడు. ఫోర్కులన్నీ ఆగిపోయాయి. రోమన్ నోట్లో పియెరోగీ కుడుము నోట్లోనే ఉంది.

అంతమంది ముందు కాదనలేకపోయాను. మంగళవారం ఆరింటికి జిమ్‌కి రమ్మన్నాను.

మర్యాద అనేది ఎదుటివాడి గొంతు పట్టుకునే పద్ధతుల్లో ఒకటి. కుర్రాడికి అది బాగా తెలిసినట్టుంది. లేదా అసలు తెలియదు. తెలియకపోతే ఇంకా కష్టం.

మార్చి 4, శనివారం

లామాంట్‌కి ఫోన్ చేశాను. కోపమొస్తుందనుకున్నాను. పండగలా సంబరపడ్డాడు. రానివ్వండి కోచ్, టీవీలో చూసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఆడొచ్చు, అన్నాడు. సీటు పోతుందిరా అన్నాను. వాళ్లను రావద్దంటే నన్ను దూదిలో పెట్టి దాచినట్టు ఉంటుంది, నేనేమన్నా గాజుబొమ్మనా కోచ్, అన్నాడు.

వీడికి ముప్పై మూడేళ్లొచ్చినా లోకజ్ఞానం రాలేదు.

ఒకటి మాత్రం ఇక్కడ రాసుకోవాలి. ఒకప్పుడు ఆటను వృత్తిగా చేసుకున్నవాళ్లను ఒలింపిక్స్ గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆ నియమం పెట్టింది ఒళ్లు వంచి పనిచేయనక్కర్లేని దొరలు. కూలివాళ్లను బయట ఉంచడానికి పెట్టి, దానికి పవిత్రత అని పేరు పెట్టారు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ల కిందటే తెలుసు. ఉత్తరంలో రాయలేదు.

మార్చి 7, మంగళవారం. రాత్రి 9

మొదటి రోజు. లామాంట్ పని నుంచి నేరుగా వచ్చాడు. చేతులకు ఫర్నేసు మసి. మిగతావాళ్లు ఎనిమిది మంది.

కుర్రాడి కాళ్లు చూశాను. అబద్ధమెందుకు, అలాంటి కాళ్లు నా జిమ్‌లోకి ఎప్పుడూ రాలేదు. నేల వాటిని మోస్తున్నట్టు లేదు.

డిఫెన్స్‌లో నిలబెట్టాను. రెండో ప్లేలోనే లామాంట్ నడుముకున్న ఫ్లాగ్‌ను వెస్లీ లాగాడు. లాగి నేలకేసి కొట్టి గుండె చరుచుకున్నాడు. స్టేడియం అలవాటు. అందరూ నా వైపు చూశారు. నా జిమ్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఒక కట్టడి ఉంది. లాగిన ఫ్లాగ్ పైకెత్తి చూపించు, తర్వాత అది ఎవరిదో వాళ్ల చేతికి ఇవ్వు. నేలమీద పడెయ్యకు. తియ్యి అన్నాను. తీశాడు. సారీ మ్యాన్ అని లామాంట్ చేతిలో పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత బంతి అతని చేతికిచ్చి పరిగెత్తమన్నాను. అప్పుడు చూశాను. ఎవరైనా దగ్గరకు రాగానే ఎడమ చెయ్యి దానంతటదే నడుం మీదికి జారుతుంది. ఫ్లాగ్‌ను కప్పేస్తుంది. అతను వచ్చిన ఆటలో మీదికొచ్చేవాణ్ణి అదే చేత్తో తోసెయ్యాలి. మా ఆటలో తొయ్యడమైనా, ఫ్లాగ్‌కు చెయ్యి అడ్డం పెట్టడమైనా తప్పు. పెనాల్టీ. పరిగెత్తి సంపాదించిందంతా వెనక్కి పోతుంది.

విజిల్ నా మెడలోనే ఉంది. ఊదలేదు.

లామాంట్ నా వైపు చూశాడు.

మార్చి 9, గురువారం

ఇవాళా ఊదలేదు. నాలుగుసార్లు.

మార్చి 14, మంగళవారం. రాత్రి 9.30

ప్రాక్టీస్ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. వెస్లీ ఆగాడు. కోన్లు ఏరి సంచిలో పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. తర్వాత అడిగాడు, సార్, నా చేతులు సరిగ్గా ఉన్నాయా, ఎక్కడో ఏదో తప్పు చేస్తున్నానని అనుమానంగా ఉంది, అని.

బాగున్నాయి అన్నాను.

థాంక్యూ సార్ అన్నాడు. నమ్మాడు. అంత తేలిగ్గా.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకున్నాను, తాగలేదు. రాయకపోతే ఇది లోపలే పులుస్తుంది. రాస్తాను.

1973 ఆగస్టు. ప్రొఫెషనల్ లీగ్ ట్రైనింగ్ క్యాంప్. నేనూ రోమన్ ఒకే పేట నుంచి వెళ్లాం, ఒకే గదిలో పడుకున్నాం. ఇద్దరం రిసీవర్లమే. చివరికి మిగిలింది ఒక్క చోటు. నేను వాడికంటే వేగం. వాడే ఒప్పుకునేవాడు. కానీ ఆఖరి వారం నా వైపు వచ్చిన ప్రతి బంతి దగ్గరికీ డిఫెండర్ నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. దయ్యం పట్టినట్టు. నన్ను పంపేశారు. బస్సులో ఒంటరిగా టోలీడో వచ్చాను.

పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో రోమన్ తాగి పదిమందికి కథ చెప్పాడు. కాజ్‌గాడు బంతి తన వైపు వస్తుందనుకుంటే ముందు రెండు వేళ్లు నాలుకతో తడుపుకునేవాడు, పట్టు కోసం, వేరే ప్లేలకు తడుపుకునేవాడు కాదు, క్యాంపులో ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది నేనే, అని. నా భార్య హెడీ విని, కారులో నాకు చెప్పింది.

డిఫెండర్లు చూసింది ఆ వేళ్లనే. రోమన్ వాళ్లకంటే ముందు కనిపెట్టాడు. పక్క మంచం మీద పడుకున్నాడు. ఒక్క మాట చెప్పలేదు.

అడుగు, లేదా మర్చిపో, అంది హెడీ. రెండూ చేయలేదు. ఆమె పోయి పదకొండేళ్లు. ఇప్పుడు నాకు ఆ సలహా ఇచ్చేవాళ్లు కూడా లేరు.

నేను ఇవాళ చేసింది రోమన్ చేసినదానిలాంటిది కాదు. రోమన్ తన కోసం చేశాడు. నేను లామాంట్ కోసం చేస్తున్నాను.

ఈ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. కొట్టెయ్యను. ఉండనీ.

మార్చి 17, శుక్రవారం

హాల్లో రోమన్ లేడు. మోకాలట. చేప చప్పగా ఉంది.

మార్చి 28, మంగళవారం

మంచు కరిగింది. చర్చి వెనక మైదానంలో ఆడించాను. ఇదే ఆఖరి ప్రాక్టీస్. లామాంట్, వెస్లీ రేపు బయలుదేరుతున్నారు. ఒకే కారులోనట.

వెస్లీ గసగసాల రోల్ తెచ్చిచ్చాడు. వాళ్లమ్మ చేసిందట. ఒలింపిక్స్‌కి వెళ్లినా వెళ్లకపోయినా నాకు మళ్లీ ఆట నేర్చుకున్నట్టుంది సార్, చిన్నప్పుడు లాగా, అన్నాడు. గాలి ఎటు వీస్తోందో చూశాను.

ఇవాళ ఎడమ చెయ్యి సరిగా గమనించలేకపోయాను. కళ్లజోడు మసకగా ఉంది. ఒకటి రెండుసార్లు పైన ఉన్నట్టు అనిపించింది.

రోల్ మొత్తం నేనే తిన్నాను.

ఏప్రిల్ 4, మంగళవారం. మధ్యాహ్నం 3

లైబ్రరీ కంప్యూటర్లో ట్రయల్స్ చూశాను. లైబ్రేరియన్ హెడ్‌ఫోన్లు ఇచ్చింది.

లామాంట్ బాగా ఆడాడు. చాలా బాగా. ముప్పై మూడేళ్లవాడు అంతకంటే ఆడలేడు.

రెండో భాగంలో బంతి వెస్లీకి వచ్చింది. ఇద్దరు మీదికొచ్చారు. కుర్చీలోంచి లేచాను. ఇప్పుడు జారుతుంది, ఇప్పుడు. నాకు గుండె దడ. చెయ్యి జారాలనే దడో, జారకూడదనే దడో, దేవుడి ముందు నిలబెట్టి అడిగినా చెప్పలేను.

చెయ్యి జారలేదు. బంతిని రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నాడు. నడుం తిప్పాడు. ఇద్దరూ గాలిని పట్టుకున్నారు. గీత దాటాడు. ఆట మొత్తంలో ఒక్కసారి కూడా ఎడమ చెయ్యి కిందికి పోలేదు.

అది ఒక్క రోజులో వచ్చేది కాదు. ఎవరో కూర్చోబెట్టి మాన్పించారు. రోజుల తరబడి.

సార్ కూర్చోండి, అంది లైబ్రేరియన్. ఎంతసేపు నిలబడి ఉన్నానో.

ఏప్రిల్ 8, శనివారం

పేర్లు వచ్చాయి. పదిమంది. వెస్లీ నడోల్నీ ఉన్నాడు. లామాంట్ లేడు.

ఏప్రిల్ 10, సోమవారం. సాయంత్రం 6

లామాంట్ వచ్చాడు. ఏటా చలికాలం అయ్యాక నా ఫర్నేసు చూసి వెళ్తాడు. ఈ ఏడు రాడనుకున్నాను. టూల్‌బాక్స్ పట్టుకుని నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. నేలమీద పడుకుని తల ఫర్నేసు కింద పెట్టాడు. ముఖం కనబడలేదు. కాళ్లు మాత్రమే.

నువ్వే చెప్పావు కదూ అన్నాను.

చెప్పాను కోచ్ అన్నాడు. మీ ప్రాక్టీస్ అయ్యాక మా ఇంటి వెనక గంటేసి సేపు చేయించాను, చెయ్యి కిందికి వస్తే మా ఆవిడ గరిటతో కొట్టేది, అని నవ్వాడు. రేకు లోపల ఆ నవ్వు వింతగా మోగింది.

ఎందుకురా అన్నాను. నోరు మూసుకుని ఉంటే ఆ సీటు నీదిరా. ఇరవై ఏళ్లురా.

రెంచ్‌తో ఏదో బిగించాడు. తర్వాత చెప్పాడు. మొదట మీకు చూపు మందగించిందనుకున్నాను కోచ్, పెద్దవారయ్యారు కదా అని, మీ మనసు నొచ్చుకోకుండా వాడికి నేనే చెప్పేద్దామనుకున్నాను, నిజంగా. తర్వాత ఒక ప్రాక్టీస్‌లో మనవాళ్లలో డెరెక్ షూ లేసు ఊడితే జిమ్ అటు చివర్నుంచి మీరు అరిచారు. చూపు బానే ఉందని అప్పుడు తెలిసింది. అది తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను.

నీ కోసమే చేశానన్నాను.

తల బయటికి తీశాడు. ముఖం నిండా మసి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మసి వల్ల కాదు. నా కోసమైతే నన్ను ఒక మాట అడిగేవారు కోచ్, అన్నాడు.

ఫిల్టర్ మార్చాడు. బర్నర్ తుడిచాడు. వచ్చే చలికాలానికి ఢోకా లేదన్నాడు. మెట్ల దగ్గర ఆగి, వాడు నాకంటే బాగా ఆడాడు కోచ్, ఎంతో తేడాతో కాదు, ఇంతే, అని వేలూ బొటనవేలూ దగ్గర పెట్టి చూపించాడు. ఆ సందులోంచి వెలుతురు కనబడింది.

వాడు వెళ్లాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. పేపరుకి కాదు. వెస్లీకి. ప్రియమైన అని రాసి ఆగిపోయాను.

ఏప్రిల్ 12, బుధవారం

ప్రొఫెషనల్స్ రావాలా వద్దా అని ఇవాళ లైబ్రరీలో ఎవరో అడిగారు. నా ఉత్తరం గుర్తుందట. నన్నడగొద్దన్నాను.

ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే

లెంట్‌లో ఆఖరి ఫిష్ ఫ్రై. రోమన్ కర్ర పట్టుకుని వచ్చాడు. హాల్ మధ్య టేబుల్ దగ్గర, ఒక్కడే. ఎదురుగా కూర్చున్నాను. యాభై అయిదేళ్లలో మొదటిసారి.

చేప నూనె వేళ్లకంటింది. రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాను.

ఆ అలవాటు ఇంకా పోలేదేరా నీకు, అన్నాడు రోమన్. మెల్లగా. హాలుకు వినబడకుండా.

నీ మనవడి చెయ్యి తప్పని నాకు మొదటి రోజే తెలుసు రోమన్, చెప్పలేదు, అన్నాను.

ఫోర్కు పళ్లెంలో పెట్టాడు. తర్వాత తన కాగితపు చేతిరుమాలు తీసి, టేబుల్ మీద పెట్టకుండా, నా చేతిలో పెట్టాడు.