సీడీకి కుంకుమ బొట్టు

భువనగిరి, దసరా మర్నాడు, 1999

ఒళ్లు ఇంకా మండుతోంది. రేపు సాయంత్రం కాలేజీవాళ్లు మా కంప్యూటర్ సెంటర్లో చేయించుకుంటున్న మార్కుల వెబ్‌సైటు చూడటానికి వస్తున్నారు. సర్వర్లో పీహెచ్‌పీకి డేటాబేస్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే ఎక్కించాలి; అది ఉంటేనే సైటులో మార్కులు కనిపిస్తాయి. ఆ ప్యాకేజీ ఉన్న లినక్స్ సీడీ పెడితే సగంలో ఆగిపోయింది. తీసి చూస్తే మెరిసే వైపు గంధం, కుంకుమ!

"సీడీకి బొట్టెవరు పెట్టిన్రు సార్?" అని మా సెంటర్ ఓనర్‌ని అడిగాను.

"నేనే. నిన్న ఆయుధ పూజ చేసిన గద! పూజ చేసినంక పాడెట్లయితది? నువ్వే ఏదో తప్పు నొక్కినవ్."

నేనా! తుడిస్తే గీతలు పడ్డాయి. కొత్త సీడీకి పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కాల్సింది కూడా నేనే. పని కాకపోతే కాలేజీవాళ్ల ముందు ఎవరి పేరు చెబుతాడో నాకు తెలియదా?

ఇంటికి బయల్దేరుతుంటే వెనక నుంచి కేకేశాడు. "కొత్త సీడీ ముందుగాల నాకియ్యమ్మా. ఈసారి పూజ జర మంచిగ చేస్త."