నీళ్ళలోంచి టీచరమ్మ అజమాయిషీ

హోర్నోపిరెన్, ఆదివారం

అమ్మా, నేను క్షేమం. రేడియోలో విన్నది నమ్మకు, ఎవరూ మునిగిపోలేదు, తడిశామంతే.

మొన్న మొదటిసారి ఆరుగురు యాత్రికుల్ని, ఒక్కొక్కరు తెడ్డేసుకునే ఆరు కయాక్ పడవల్ని నాకొక్కదానికే అప్పగించారు. సముద్రపు పాయ మధ్యలో గాలి లేచి, రిటైరైన టీచరు దోన్యా ఎదువినా పడవ బోల్తా కొట్టింది. నేను "పట్టుకోండి!" అని అరిచాను. ఎవరు, దేన్ని అన్నది చెప్పలేదు. ఐదుగురూ ఒకేసారి ఎగబడ్డారు. ఒకాయన ఆవిడ తెడ్డు పట్టుకుంటే ఇంకొకాయన టోపీ పట్టుకున్నాడు. ఆ తోపులాటలో బ్యాంకు గుమస్తా రామిరో కూడా నీళ్ళలో పడ్డాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను.

అప్పుడు టీచరమ్మ నీళ్ళలోంచే, "ఒక్కళ్ళే మాట్లాడాలి! రామిరో, నీ పడవ వదలకు. మీ ఇద్దరూ వెళ్ళి అతన్ని ఎక్కించండి. మిగతా ఇద్దరూ దూరం జరగండి," అంది.

"మరి నేనండీ?" అన్నాను.

"నువ్వు నోర్మూసుకుని నా పడవ పట్టుకోవే పిల్లా!"

ఐదు నిమిషాల్లో అందరూ పడవల్లో ఉన్నారు.

ఒడ్డుకొచ్చాక మా యజమాని నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆవిడే అడ్డుపడింది. "ఇంకొకళ్ళని పెడితే వాళ్ళకి నేర్పడానికి నేను మళ్ళీ మునగాలా?" అంది. ఆయన నా తెడ్డు నా చేతికే తిరిగిచ్చాడు.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపు. బంగాళదుంపలు తవ్వేశారా? అమ్మమ్మ దగ్గు తగ్గిందా? నాన్న ఒక్క ఈలతో మూడు కుక్కల్నీ గొర్రెల చుట్టూ తిప్పుతాడు కదా, ఆ ఈల ఎలా వేస్తాడో అడిగి రాయి. ఎందుకో మాత్రం చెప్పకు, ఊరంతా చాటేస్తాడు.

దేవుడు మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి.

నీ యాస్నా