తెర మీద పాఠం, చేతిలో కరపత్రం

కడప,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నువ్వూ బావా సునీతా చల్లగా ఉండాలని మనసులో అనుకున్నాకే కలం పట్టుకున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావ ఇంకా తెల్లారకముందే టమోటా మండీకి పరిగెడుతున్నాడా? నేను బాగున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోన్ చేద్దామంటే అది బావ దగ్గరే ఉంటుంది, మండీలో ఆయన చుట్టూ ఎప్పుడూ రైతులే. అందరూ వింటుండగా చెప్పే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండ మండిపోతోంది. చుట్టూ కొండలు, గాలి కదలదు. మెస్సులో పొద్దునపూట కారం దోశ బాగానే ఉంటుంది కానీ, రోజూ అదే తింటే ఏముంటుంది? నీ చేతి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని ఎన్నాళ్లయిందో. సాయంత్రం గదికొస్తే పలకరించే మనిషి లేడు. అయినా బాగానే ఉన్నాలే.

పోయినసారి ఫోన్లో నువ్వేమన్నావు? "మన పాప నీ కాలేజీలోనే చేరుతాది ఆంజీ. మామ కండ్ల ముందర ఉంటాది, నువ్వే పాఠం చెప్తావు గదా" అన్నావు. నేను "చూద్దాంలే" అని తప్పించుకున్నాను. అక్కా, నేనిప్పుడు పాఠం చెప్పడం లేదు.

నిరుడు మా కాలేజీ వాళ్లు హైదరాబాదు నుంచి కెమెరావాళ్లను పిలిపించారు. లెక్చరర్లందరి పాఠాలూ సీడీల్లోకి ఎక్కించాలన్నారు. ఖాళీ గదిలో, ఖాళీ బెంచీలకు ఫిజిక్సు చెప్పాను. మధ్యలో ప్రిన్సిపాల్ ఆపి, "ఉండాది, చేస్తాండా అని మాట్లాడొద్దప్పా, సీడీలో బాగుండదు. పుస్తకంలో మాదిరి మాట్లాడు" అన్నాడు. ఆయనదీ ప్రొద్దుటూరే, మన యాసే! నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు.

సీడీలు తయారయ్యాక సెక్షన్లన్నీ కలిపి ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. తెర మీద నేను. కెమిస్ట్రీ మేడాన్ని "ఇంక మీ అవసరం లేదు" అని పంపించేశారు. ఆమె గొంతు మాత్రం హాల్లో రోజూ వినిపిస్తూనే ఉంది. హాలుకు పెద్ద దిక్కు అటెండర్ మస్తాన్. మొన్న వరండాలో నన్ను పట్టుకుని, "సారూ, పిల్లోళ్లు డౌట్లు నన్ను అడుగుతాండారు! నాకేం తెల్సు? సీడీ ఆపి మళ్లీ మొదట్నుంచి ఏస్తాండా" అన్నాడు. వాడు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఒకరోజు హాలు పక్కగా పోతూ తలుపు దగ్గర ఆగాను. తెర మీద నేను కటకాల సూత్రం రాస్తున్నాను. మైనస్ రాయాల్సిన చోట ప్లస్ రాశాను! క్లాసులో అయితే ముందు బెంచీ పిల్లల్లో ఎవరో ఒకరు "సార్, ఆడ మైనస్ సార్" అని అరిచేవాళ్లు, నేను నాలుక కరుచుకుని తుడిచేవాణ్ణి. ఖాళీ బెంచీలు ఏం అరుస్తాయి? హాలునిండా పిల్లలు తలవంచుకుని ఆ ప్లస్సే రాసుకుంటున్నారు.

ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తాను. ఒక్క పూట హాల్లో నిలబడనివ్వండి, సరిదిద్దుతానన్నాను. "నువ్వు పోతే ఇంక సీడీ ఎందుకప్పా? మళ్లా కెమెరావాళ్లను పిలిపిస్తే ఖర్చు ఎవరిస్తారు?" అన్నాడు. పరీక్ష పేపర్లలో అందరూ ప్లస్సే రాశారు. "సీడీలో ఎట్లుంటే అట్లే మార్కులెయ్యి, పిల్లోళ్లతో గలాటా వద్దు" అన్నాడు. వేశాను అక్కా. ఎర్ర ఇంకుతో తప్పుకు టిక్కు పెట్టాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది? థూ, నా బతుకు!

మానేసి రావచ్చు గదా అంటావు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరినరోజే ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. ఇక్కడ అందరివీ అంతే. అవి లేకుండా ఇంకో కాలేజీ గడప తొక్కనివ్వరు. పాఠాలు లేని లెక్చరర్లందరికీ ఇప్పుడు ఒకటే పని. జీపులో ఊరూరా తిరిగి, ఇంటర్ అయిపోయిన పిల్లల ఇళ్లకు పోయి, కరపత్రాలిచ్చి కాలేజీలో చేర్పించాలి. పిల్లల్ని తేనివాడికి జూన్‌లో ఉద్యోగం లేదు.

నాకు పత్తికొండ వైపు వేశారు. "నీ ఊరే గదప్పా. మీ అక్క బిడ్డతోనే మొదులుపెట్టు" అన్నాడు ప్రిన్సిపాల్. ఎవరు చెప్పారో ఏమో, సునీత సంగతి ఆయనకు తెలుసు. వచ్చేవారం వస్తున్నాను. నా మీద నమ్మకం లేక తన బామ్మర్దిని కూడా జీపులో నా వెంట పంపుతున్నాడు. అతను పక్కనే కూర్చుంటాడు. నేను నవ్వుతూ బావ చేతికి కరపత్రం ఇచ్చి, "మా కాలేజీని మించింది సీమలోనే లేదు బావా, పాపకు పాఠాలు నేనే చెప్తాను" అంటాను. బావ నా మాట ఎప్పుడూ కాదనలేదు. నాకు భయమంతా అదే.

అక్కా, నమ్మొద్దు. ఈ ఉత్తరం బావకు ముందే చదివి వినిపించు. పాపను కర్నూలు ప్రభుత్వ కాలేజీలో చేర్చండి. గోడలు పెచ్చులూడినా అక్కడ బోర్డు దగ్గర మనిషి నిలబడతాడు. తప్పు రాస్తే పాప లేచి అడగొచ్చు. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాలే. దిగులు పడొద్దు.

చెనిక్కాయల పొడి కొంచెం కట్టి ఉంచు, పోయేటప్పుడు తీసుకుంటాను. మంత్రాలయం పోతే రాఘవేంద్రస్వామికి నా పేరున కూడా ఒక దండం పెట్టు. బావ పాదాలకు నమస్కారాలు. సునీతను బాగా చదువుకోమన్నానని చెప్పు. నీ దీవెన ఎప్పుడూ నా మీద ఉండాలి.

నేను ఎంత బతిమాలినా ఆ రోజు కాదనే చెప్పు. ఆ బామ్మర్ది ముందే నన్ను కసురుకో, పర్వాలేదు. కాదన్న తర్వాత మాత్రం ఇంత ఉగ్గాని పెట్టు.

నీ తమ్ముడు
ఆంజనేయులు