సంతలో కొన్న కోటు

ఏలూరు, డిసెంబరు 1936, మంగళవారం రాత్రి

నాన్నగారి దగ్గు తగ్గడం లేదని ఇవాళ తాడేపల్లిగూడెం సంతలో ఎవరో వాడి వదిలేసిన ఉన్నికోటు కొన్నాను. ఇప్పుడు పెద్దింటివాళ్లూ అక్కడ ఏరుకుంటున్నారు. అమ్మ మాత్రం నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"ఎవరి ఒంటిమీదదో! ఆ మనిషి ఉన్నాడో పోయాడో, మనకెందుకే తల్లీ?"

నా చిన్నప్పుడు అన్నయ్య పాత చొక్కాలు కత్తిరించి నాకు రవికలు కుట్టింది ఈ అమ్మే. వాటిలో అన్నయ్య వాసన ఉండేది. అవి వేసుకుంటే నాకు ధైర్యంగా ఉండేది. బయటివాళ్ల గుడ్డ మాత్రం ఆ రోజుల్లో మా గడప తొక్కలేదు.

నాన్నగారు నా చేతిలోంచి కోటు అందుకుని తొడుక్కుని, "వెచ్చగా ఉందమ్మాయ్" అన్నారు. దగ్గు మాత్రం ఆగలేదు.

అమ్మ సూదీ దారం తెచ్చి, ఊడిపోయిన గుండీ కుడుతూ మెల్లగా అంది:

"ఎవరి బిడ్డో, ఎక్కడున్నా చల్లగా ఉండాలి."